ఎముకలో రాచపుండు: దాని విత్తన కణాలను గుర్తుపట్టే ప్రయత్నం

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పండుగపూట వేపపువ్వు పచ్చడి రుచి చూసి, ఒబ్బట్లు తిని, పాటకచేరీ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నవారి ముందు రాచపుండు మాట ఎత్తడం ఏమి మర్యాద అని మీకు తోచవచ్చు. కార్యదర్శిగారితో నేనూ ఆ మాటే అన్నాను. "కచేరీకి ముందు అరగంట మీది. ఆ అరగంటలో ఎవరూ లేచిపోరు, ఏమి చెప్పినా వింటారు" అని ఆయన సెలవిచ్చారు. కనుక చెబుతున్నాను.

మన చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి సీమల్లో ఇంట్లో మాట తెలుగు, బడిలో మాట కన్నడం, పెద్ద ఆస్పత్రిలో మాట సగానికి సగం ఇంగ్లీషు. మన పెద్దలు పెనుగొండ నుంచో కదిరి నుంచో ఎప్పుడు వచ్చారో, లేక రాష్ట్రాల గీతలు గీయకముందు నుంచీ ఇక్కడే వున్నారో, ఆ చర్చ చరిత్ర పండితులకు వదిలేద్దాం. కైవారం నారాయణప్పగారు ఈ చింతామణి తాలూకాలోనే కూర్చుని తెలుగులోనూ కన్నడంలోనూ తత్త్వాలు చెప్పారు. వారికి రెండు భాషలు అడ్డు కాలేదు. జబ్బు విషయం వచ్చేసరికి మాత్రం మనకు అడ్డవుతున్నది. డాక్టరు చెప్పినది తండ్రికి సగం అర్థమవుతుంది. ఆయన ఇంటికి వచ్చి అవ్వకు చెప్పేసరికి అందులో సగం మిగులుతుంది. ఆ జారిపోయిన ముప్పాతికలో ఒక్కొక్కసారి పిల్లవాడి ప్రాణమే వుంటుంది. అందుకని ఈవేళ ఒకే సంగతి ఇంటి మాటల్లో చెబుతాను. ఎముకలో పుట్టిన గడ్డ మందుకు కరిగిపోయినట్టు కనిపించి మళ్లీ ఎందుకు వస్తుంది? దాన్ని మళ్లీ తెచ్చిపెట్టే కణాలేవో గుర్తుపట్టడానికి శాస్త్రజ్ఞులు ఏమి చేస్తున్నారు?

ముందు జబ్బు సంగతి. ఎముకల్లో కనిపించే రాచపుండు రెండు విధాలు. పెద్దవాళ్లలో తరచు చూసేది రొమ్ములోనో, ఊపిరితిత్తుల్లోనో, ప్రోస్టేట్ గ్రంథిలోనో పుట్టి ఎముకకు పాకినది. దాని కథ వేరు. నేను చెప్పబోయేది ఎముకలోనే పుట్టేది, ఆస్టియోసార్కోమా అంటారు. ఇది అరుదైన జబ్బు. ఇంటికి పోయి పిల్లలందరి మోకాళ్లూ నొక్కి చూడనక్కరలేదు. వచ్చినప్పుడు మాత్రం ఎక్కువగా 10 ఏళ్లకూ 20 ఏళ్లకూ నడుమ, ఎముకలు జోరుగా సాగే వయసులో వస్తుంది. ఎముక ఎక్కడ ఎక్కువగా పెరుగుతుందో అక్కడే వస్తుంది: తొడ ఎముక కింది కొన, మోకాటి కింది ఎముక పై కొన, భుజం దగ్గర చేతి ఎముక పై కొన. ఎక్కువ భాగం మోకాటి చుట్టుపక్కలే.

చిక్కు అక్కడే వచ్చింది. మోకాటికి దెబ్బ తగలని పిల్లవాడు ఎక్కడైనా వున్నాడా? కబడ్డీ ఆడాడు, పడ్డాడు, వాచింది అంటాం. పసరు పూసి కట్టు కట్టిస్తాం, నూనె రాసి తోముతాం. దెబ్బ తగిలితే గడ్డ పుట్టదు. లోపల వున్న గడ్డ దెబ్బ మూలంగా మన కంట పడుతుంది, అంతే. దెబ్బ వాపు రెండు మూడు వారాల్లో తగ్గుముఖం పడుతుంది. ఇది తగ్గదు, పెరుగుతుంది, రాత్రిపూట పిల్లవాణ్ణి నిద్ర లేపుతుంది. వారాల తరబడి తగ్గని ఎముక నొప్పికి తాలూకా ఆస్పత్రిలో తీసే మామూలు ఎక్స్-రే చాలు, అనుమానం కలగడానికి. అటువంటి వాపును పిసకడం, గట్టిగా తోమడం, బిగించి కట్టడం మహా చెడ్డపని. ఆడపిల్ల అయితే ఇంకొక ఆలస్యం తోడవుతుంది. నలుగురికీ తెలిస్తే రేపు సంబంధాలు రావని దాచిపెడతారు. పెళ్లి మాట పిల్ల బ్రతికి వుంటే కదా!

వైద్యం సంగతికి వస్తాను. 1970కి ముందు ఈ జబ్బుకు కాలు తీసివేయడమే వైద్యం. కాలు తీసినా నూటికి 20 మంది బ్రతకడం కష్టంగా వుండేది. మిగిలినవారికి కొన్ని నెలల్లోనో, ఏడాది రెండేళ్లలోనో ఊపిరితిత్తుల్లో గడ్డలు లేచేవి. అనగా కాలు తీసేనాటికే కంటికి కనబడని కణాలు రక్తంలో పడి వెళ్లి ఊపిరితిత్తుల్లో కాపురం పెట్టి వున్నాయన్నమాట. కత్తికి అందని ఆ కణాలను మందుతోనే చంపవలె. ఈ జబ్బుకు పనిచేసిన మందుల్లో ముందు వరుసలో నిలిచినది మెథోట్రెక్సేట్. దాని వెనుక మన తెలుగువాడు ఒకరు వున్నారు.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివి, 1920ల్లో బోస్టను చేరి, హార్వర్డులో పనిచేశారు. 1925లో ఫిస్కే అనే ఆచార్యుడితో కలిసి శరీర ద్రవాల్లో భాస్వరాన్ని కొలిచే పద్ధతి ప్రకటించారు. ఎముక గట్టిదనానికి సున్నమూ భాస్వరమే ఆధారం గనుక ఎముకల డాక్టర్లకు ఆయన అప్పటి నుంచే చుట్టం. 1940లో లెడర్లీ పరిశోధనశాలకు వెళ్లారు. అన్నగారు స్ప్రూ అనే పేగు జబ్బుతో పోయిన సంగతి ఆయన మనసులో నాటుకొని వుండేది. ఆ జబ్బుకు పనికివచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని ఆయన బృందం 1940ల నడుమ పరిశోధనశాలలోనే తయారుచేసింది. ఆ తరువాత వారు చేసిన పని ఇంకా చిత్రమైనది. ఫోలిక్ ఆమ్లాన్ని పోలి వుండి, దాని పని మాత్రం చేయని నకిలీ పదార్థాలు చేశారు. కణం రెండుగా చీలాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. నకిలీ దూరిందంటే తాళంలో విరిగిన తాళంచెవి ఇరుక్కున్నట్టే. అసలుది ఇక పనిచేయదు, కణం చీలలేక చస్తుంది.

బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అనే పిల్లల డాక్టరు అమినోప్టెరిన్ అనే ఆ నకిలీని రక్తపు రాచపుండు వచ్చిన 16 మంది పిల్లలకు ఇచ్చి, 10 మందికి కొంతకాలం గుణం కనిపించిందని 1948 జూన్‌లో ప్రకటించాడు. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూశారు, 53 ఏళ్లే. అదే కుదురులో పుట్టిన ఇంకొక నకిలీయే మెథోట్రెక్సేట్. 1970ల మొదట్లో బోస్టనులోనే నార్మన్ జాఫీ ప్రభృతులు దాన్ని ఎముక గడ్డలకు చాలా హెచ్చు మోతాదులో ఇచ్చి, వెంటనే దాని విరుగుడైన ల్యూకోవోరిన్ కూడా ఇచ్చి ఒంటిని కాపాడే పద్ధతి పెట్టారు. 1986లో వెలువడిన ఒక పరీక్ష ఫలితం చూడండి. 36 మంది రోగులు. ఆపరేషను మాత్రమే జరిగినవారిలో రెండేళ్లకు జబ్బు తిరగబెట్టకుండా వున్నది నూటికి 17 మంది. ఆపరేషనుతోపాటు మందులు కూడా పడినవారిలో నూటికి 66 మంది.

ఈనాడు జబ్బు ఇంకా ఊపిరితిత్తులకు పాకకముందు వచ్చి వైద్యం పూర్తి చేయించుకుంటే, మంచి కేంద్రాల్లో నూటికి 60 నుంచి 70 మంది దాకా దీర్ఘకాలం బ్రతుకుతున్నారు. చాలామందికి కాలు తీయనక్కరలేదు. చెడిన ఎముక ముక్క తీసి లోహపు ఎముక అమరుస్తారు. హెచ్చు మోతాదు మెథోట్రెక్సేట్ ఇచ్చినప్పుడు రక్తంలో అది ఎంత వున్నదో కొలుస్తూ వుండాలి. అందువల్ల మన దేశంలో చాలా ఆస్పత్రులు దానికి బదులు ఐఫాస్ఫమైడ్, సిస్‌ప్లాటిన్, డాక్సోరూబిసిన్ కలిపి ఇస్తాయి. మా పిల్లవాడికి సుబ్బారావుగారి మందు ఎందుకు ఇవ్వలేదని రేపు డాక్టరుతో తగువు పెట్టుకోకండి.

సంతోషించవలసిన విషయమే. కాని 60, 70 అన్న ఆ అంకె 1980ల నాటిది. 40 ఏళ్లుగా అది పెద్దగా కదలలేదు. మందులు మార్చి చూశారు, మోతాదులు పెంచి చూశారు. ఎక్కడో ఏదో తప్పించుకుంటున్నది. ఎవరు తప్పించుకుంటున్నారు?

తప్పించుకొనేవారు వున్నారనడానికి సాక్ష్యం ఆపరేషను బల్ల మీదనే దొరుకుతుంది. సుమారు 10 వారాలు మందు ఇచ్చి, తరువాత గడ్డ వున్న ఎముక ముక్కను తీస్తారు. దాన్ని పలచని బిళ్లలుగా కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టి, ఎంత చచ్చింది, ఎంత బ్రతికి వున్నది అని లెక్క కడతారు. నూటికి 90 పాళ్లు, అంతకు మించి చచ్చివుంటే మందు బాగా పట్టిందంటారు. అంత బాగా పట్టినవారిలోనూ కొందరికి జబ్బు తిరిగి వస్తున్నది. అప్పుడు చూడవలసింది చచ్చిన 90 పాళ్లను కాదు, చావని ఆ కాసిని కణాలను.

మన రైతులకు ఇది కొత్త సంగతి కాదు. వేరుశనగ చేలో తుంగ పడితే కొడవలితో కోసిన నాడు చేను శుభ్రంగా కనిపిస్తుంది. పది రోజులకు మళ్లీ తుంగే. ఎందుకంటే ఆకు కోశాం, భూమిలో వున్న తుంగగడ్డ అట్లాగే వున్నది. ఆకు పెరిగే వస్తువు, గడ్డ ఆకును పుట్టించే వస్తువు. రెండూ తుంగే, కాని రెండూ ఒకటి కాదు. రాచపుండులో కూడా ఆకువంటి కణాలు కోట్ల కొద్దీ వుండి, తుంగగడ్డవంటి కణాలు కొద్దిగా వుంటాయా అన్నదే ప్రశ్న. అటువంటి కణాలకు క్యాన్సర్ మూలకణాలు అని పేరు పెట్టారు.

మూలకణం అన్న మాట ఒక్క క్షణం విప్పి చెప్పాలి. మన ఎముక మజ్జలో మామూలుగానే మూలకణాలు వున్నాయి. అవి చీలినప్పుడు ఒక భాగం తమవంటి మూలకణంగానే మిగిలి, రెండో భాగం రక్తకణంగానో, ఎముక కణంగానో, కొవ్వు కణంగానో తయారవుతుంది. విరిగిన ఎముక అతుక్కోవడం వాటి చలవే. పని లేనప్పుడు అవి నిద్రపోతాయి. రాచపుండు మూలకణం అంటే ఈ విద్యలన్నీ వున్న దొంగ. తనవంటివాణ్ణి పుట్టించగలడు, గడ్డలోని రకరకాల కణాలనూ పుట్టించగలడు, అవసరమైతే పడుకొని నిద్రపోగలడు. చీలే కణాన్ని చంపే మందు నిద్రపోయే కణాన్ని ఏమి చేస్తుంది? సుబ్బారావుగారి నకిలీ తాళంచెవి తలుపు తీయబోయేవాడికే అడ్డం. ముసుగుతన్ని పడుకున్నవాడికి అడ్డం కాదు.

ఒక చిన్న హెచ్చరిక. పత్రికల్లో మూలకణ వైద్యం అని ప్రకటనలు వస్తున్నాయి, మోకాళ్ల నొప్పులకని, పక్షవాతానికని. నేను చెబుతున్న దానికీ వాటికీ మాట ఒక్కటే పోలిక. రాచపుండు వున్న ఎముకలో మూలకణాలు ఎక్కిస్తామని ఎవరైనా అంటే డబ్బు జేబులో పెట్టుకొని వెనక్కి రండి.

ఈ అనుమానాన్ని మొదట నిలబెట్టింది రక్తపు రాచపుండులో. టొరంటోలో జాన్ డిక్ బృందం 1994లో రోగి రక్తకణాలను, రోగనిరోధక శక్తి తక్కువగా వున్న ఎలుకలకు ఎక్కించింది. ఏ కణం పడితే ఆ కణం ఎలుకలో జబ్బు పుట్టించలేదు. ఇంచుమించు రెండున్నర లక్షల కణాల్లో ఒకటి పుట్టించింది. 2003లో అమెరికాలో మిచిగన్ విశ్వవిద్యాలయంలో రొమ్ము గడ్డల మీద ఇదే పని చేశారు. పైన ఒక గుర్తు వుండి ఇంకొక గుర్తు లేని కణాలు 100 చాలు, ఎలుకలో గడ్డ లేచింది. ఆ గుర్తులు లేనివి వేల కొద్దీ ఎక్కించినా లేవలేదు.

ఎముక వంతు 2005లో వచ్చింది. ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో గిబ్స్ బృందం రోగుల ఎముక గడ్డల నుంచి తీసిన కణాలను కఠిన పరీక్షకు పెట్టింది. మామూలు కణానికి కాలూనడానికి గాజుపాత్ర అడుగు కావాలి, తినడానికి సీరం అనే రక్తపు రసం కావాలి. వీరు రెండూ తీసేశారు. అంటుకొనే చోటు లేని చిక్కని ద్రవంలో, రసం పెట్టకుండా వదిలేశారు. చాలా కణాలు చచ్చాయి. వందల్లో, వేలల్లో ఒకటి మాత్రం బ్రతికి, తానే చీలి, గుండ్రని ఉండగా ఎదిగింది. ఆ ఉండలకు సార్కోస్ఫియర్లు అని పేరు. వాటిలో, గర్భస్థ పిండపు తొలి కణాలలో వుండే ఆక్ట్-4, నానోగ్ అనే జన్యువుల పని ఎక్కువగా కనిపించింది. ఎముక గడ్డలోనూ మూలకణం పోలిక వున్నవి వున్నాయని ఈ పని దారి చూపింది.

ఇక్కడ మన శిడ్లఘట్ట పట్టు రైతులకు ఒక మాట. 1860ల్లో ఫ్రాన్సులో పట్టుపురుగులకు పెబ్రిన్ తెగులు వచ్చినప్పుడు పాశ్చర్, గుడ్లు పెట్టిన తల్లి చిలుకను నూరి సూక్ష్మదర్శినిలో చూడమన్నాడు. తెగులు బీజాలు కనిపిస్తే ఆ గుడ్లు పారవేయమన్నాడు. మీరు కొనే గుడ్లకు ఈనాటికీ ఆ పరీక్షే ఆధారం. పాశ్చర్‌కు చూపు సరిపోయింది. ఎముక గడ్డలో మాత్రం చూపు సరిపోదు. సూక్ష్మదర్శినిలో ఈ విత్తన కణమూ దాని పక్క కణమూ ఒకేలా కనిపిస్తాయి. కనుక రూపం చూసి కాక, నడత చూసి పట్టుకోవాలి.

అందుకు మూడు నాలుగు ఉపాయాలు చేశారు. మొదటిది జెండాలు. ప్రతి కణం పైపొర మీద రకరకాల ప్రోటీనులు వుంటాయి, వాటికి సి.డి. అని నంబర్లు వేశారు. ఒక్కొక్క జెండాను మాత్రమే పట్టుకొనే పదార్థానికి మెరిసే రంగు అంటించి, కణాలను సన్నని ధారలో ఒక్కొక్కటిగా పంపి, లేజరు వెలుగు పడనిస్తారు. మెరిసినది ఒక గొట్టంలోకి, మెరవనిది ఇంకొక గొట్టంలోకి. చింతామణి మండీలో టమాటాలను రంగు చూసి వేరు బుట్టల్లో వేసినట్టే, కాకపోతే సెకనుకు వేల కొద్దీ. 2008లో ఇటలీలో సి.డి. 133 అనే జెండా వున్న కణాలు విత్తన లక్షణాలు చూపుతున్నాయన్నారు. 2010లో అమెరికాలో ఒక బృందం సి.డి. 117, స్ట్రో-1 అనే రెండు జెండాలూ వున్న కణాలు ఎలుకల్లో గడ్డలు లేపడమే గాక, దూరానికి పాకుతున్నాయనీ, మందుకు లొంగడం లేదనీ చూపింది. ఆ పత్రం రాసినవారిలో రాధికా పోచంపల్లి అన్న పేరు వున్నది. ఇంటిపేరు చూసి మీరు అనుకున్నదే నేనూ అనుకున్నాను; ఆమెను నేను ఎరుగను.

రెండో ఉపాయం నాకు అన్నిటికన్నా నచ్చినది. కణాలకు ఒక నీలిరంగు తాగిస్తారు. అన్నీ తాగి నీలంగా వెలుగుతాయి, కొన్ని మాత్రం తాగిన రంగును వెంటనే బయటికి కక్కేస్తాయి. వాటి పొరలో తోడిపోసే పంపులు వున్నాయి. రంగును తోడిపోసే పంపే మందును కూడా తోడిపోస్తుంది. కనుక రంగు నిలవని కణం మీద ఒక కన్నేసి వుంచాలి. మూడోది, విషాలను విరిచే ఒక ఎంజైము, ఆల్డిహైడ్ డీహైడ్రోజినేస్, ఎవరిలో ఎక్కువగా వున్నదో చూడడం. 2011లో ఎముక గడ్డ కణాలలో దీన్ని వాడి చూశారు. ఏ ఉపాయంతో వేరుచేసినా చివరి తీర్పు ఎలుకదే. కొద్ది కణాలు ఎక్కిస్తే గడ్డ లేవాలి, ఆ గడ్డలో మొదటి గడ్డలో వున్న అన్ని రకాల కణాలూ వుండాలి, దానినుంచి తీసి ఇంకొక ఎలుకకు ఎక్కిస్తే మళ్లీ లేవాలి. అప్పుడే అది విత్తనం.

వినడానికి బాగానే వున్నది. అయితే ఈ విషయం తేలిపోలేదని మీతో చెప్పకపోతే నేను మోసం చేసినవాణ్ణవుతాను. ఒక ప్రయోగశాలలో సి.డి. 133 వున్నదే విత్తనమైతే ఇంకొక చోట అది లేనిది కూడా గడ్డ లేపుతున్నది. ఎముక గడ్డకు ఇదే గుర్తు అని అందరూ ఒప్పుకున్న జెండా ఈనాటికీ ఒక్కటీ లేదు. ఎలుక తీర్పు మీద కూడా అనుమానం వచ్చింది. 2008లో మిచిగన్‌లోనే షాన్ మారిసన్ బృందం చర్మపు మెలనోమా కణాలను, రోగనిరోధక శక్తి మరింత తక్కువగా వున్న ఎలుకల్లో ఒక్కొక్కటిగా పెడితే, నాలుగింట ఒకటి గడ్డ లేపింది. అనగా లక్షల్లో ఒకటి అన్న అరుదుతనం కొంత కణానిది, కొంత అది పడిన నేలది. ఇంకొక పేచీ. మామూలు కణం కూడా పరిస్థితిని బట్టి విత్తన గుణం తెచ్చుకోగలదని అనేక పరిశోధనలు చెబుతున్నాయి. తుంగ ఆకు ముక్క నేలలో పడి తానే గడ్డగా మారితే రైతు గతి ఏమి? నా మట్టుకు నాకు తోచేది ఇది. తప్పించుకొనే కణాలు వున్నాయన్నది నిజం. అవి ఎప్పుడూ ఒకే జాతివారు, ఒకే జెండా పట్టుకొని తిరుగుతారు అన్నది ఇంకా నిలబడలేదు. ఆ విత్తన కణాలను మాత్రమే వెతికి చంపే మందు ఎముక రాచపుండుకు ఇంకా వాడుకలోకి రాలేదు. రక్తపరీక్షతో మీ పిల్లవాడి విత్తన కణాలు లెక్కపెడతామని ఎవరైనా అంటే నమ్మకండి.

మరి ఇదంతా మన ఇళ్లకు ఎందుకు అంటారా? నేను అనేకసార్లు చూసిన సంగతి ఒకటి వున్నది. పల్లె నుంచి బెంగళూరు వచ్చి వైద్యం మొదలుపెడతారు. రెండు మూడు విడతలకు వాపు తీస్తుంది, నొప్పి పోతుంది, పిల్లవాడు నవ్వుతాడు. జుట్టు ఊడింది, వాంతులవుతున్నాయి, నూరు కిలోమీటర్ల ప్రయాణం, కూలి పోతున్నది. "గడ్డ కరిగిపోయింది కదా, ఇంకా ఎందుకు బిడ్డను బాధపెట్టడం" అని అవ్వ అంటుంది. ప్రేమతోనే అంటుంది. మందు మానేస్తారు. ఆరు నెలలకో ఏడాదికో దగ్గుతో వస్తారు. అవ్వకు అర్థమయ్యే మాట తుంగ మాటే. "అవ్వా, పైన ఆకు పోయింది, కింద గడ్డ వున్నదో లేదో మనకు కనబడదు, అందుకే డాక్టరు ఆపరేషను తరువాత కూడా మందు ఎక్కిస్తానంటున్నాడు" అని చెప్పండి. మొత్తం వైద్యం ఇంచుమించు ఏడెనిమిది నెలలు. తరువాత కొన్నేళ్లపాటు ఊపిరితిత్తులు చూపించుకుంటూ వుండాలి. ఊపిరితిత్తిలో ఒకటి రెండు చిన్న గడ్డలు వచ్చినా, తొందరగా పట్టుకుంటే ఆపరేషనుతో తీసి బ్రతికించిన సందర్భాలు వున్నాయి.

ఇంకొక భయం, ముక్క తీసి పరీక్ష చేస్తే జబ్బు పాకుతుందని. ముక్క తీయకుండా ఏ రకం గడ్డో తెలియదు, తెలియకుండా మందు లేదు. భయపడవలసింది ముక్క తీయడానికి కాదు, ఎవరు పడితే వారు ఎక్కడ పడితే అక్కడ తీయడానికి. రేపు ఆపరేషను చేయబోయే సర్జనే, లేదా ఆయన చెప్పిన చోటే, సూది పెట్టాలి. తప్పు చోట కోస్తే నిలవవలసిన కాలు పోవచ్చు. కనుక ఎక్స్-రేలో అనుమానం కనిపించిన వెంటనే, ఏమీ కోయించకుండా, ఎముక రాచపుండు చూసే పెద్ద కేంద్రానికి పోవాలి. బెంగళూరు కిద్వాయ్ సంస్థ 1973 నుంచి వున్నది. ఖర్చుకు ఆయుష్మాన్ భారత్ - ఆరోగ్య కర్ణాటక పథకం 2018 నుంచి నడుస్తున్నది. సరిహద్దు ఊళ్లవారు కార్డు ఏ రాష్ట్రందో ముందే చూసుకోండి. గీతకు ఈ పక్క ఇల్లు, ఆ పక్క కార్డు అయితే కౌంటరు దగ్గర తిప్పలు పడతారు.

బాగేపల్లి వారు తప్పకుండా అడిగే ప్రశ్నకు కూడా ఇక్కడే జవాబు చెబుతాను: మా బోరు నీళ్ల ఫ్లోరైడు వల్ల ఈ జబ్బు వస్తుందా? మన బోర్లలో చాలా చోట్ల లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల హద్దు దాటి ఫ్లోరైడు వున్నమాట నిజం. దానివల్ల పళ్లు గారపడతాయి, వెన్నూ కీళ్లూ బిగుసుకుపోతాయి. మన దేశంలో ఆ జబ్బును 1937లో నెల్లూరు సీమ పల్లెల్లో గుర్తించి రాశారు. అది ఏళ్ల తరబడి మెల్లగా రెండు వైపులా పట్టే బిగుసుకు. ఇది ఒక్క చోట నెలల్లో లేచే గడ్డ. 1990లో అమెరికాలో మగ ఎలుకల మీద చేసిన పరీక్ష కొంత అనుమానం లేపింది. 2011లో రోగుల ఎముకల్లోని ఫ్లోరైడునే కొలిచి చూసిన పరిశోధనలో సంబంధం కనిపించలేదు. శుద్ధిచేసిన నీళ్లు తాగండి, అది వేరే కారణానికి అవసరమే. రాచపుండుకు మాత్రం నీళ్లను నిందించి ఎక్స్-రే మానకండి. ఇది అంటుజబ్బు కాదు. చాలామందిలో వంశపారంపర్యమూ కాదు. కొద్ది కుటుంబాల్లో పి-53 వంటి జన్యువు లోపంతో వస్తుంది. ఇంట్లో చిన్న వయసులోనే రాచపుండ్లు వరుసగా వచ్చి వుంటే డాక్టరుకు చెప్పండి.

చివరగా ఒక కాగితం సంగతి. ఈ విత్తన కణాల పరిశోధన అంతా రోగుల ఎముక ముక్కల మీదనే జరుగుతుంది. కనుక ఆపరేషను ముందు, తీసిన ముక్కలో కొంత పరిశోధనకు వాడుకోవచ్చునా అని మిమ్మల్ని అడగవచ్చు. అనుమానించనక్కరలేదు. వైద్యానికి ఎలాగూ తీయవలసిన ముక్కే అది, అందుకోసం ఎక్కువ కోయరు. అయితే తెలియకుండా సంతకం కూడా చెయ్యకండి. భారత వైద్య పరిశోధన మండలి 2017 నియమాల ప్రకారం, మీకు తెలిసిన భాషలో విషయం చెప్పి మీ అనుమతి తీసుకోవాలి. 7 ఏళ్లు దాటిన పిల్లవాడి సమ్మతి కూడా అడగాలి. కాగితం ఇంగ్లీషులోనో కన్నడంలోనో వుంటే తెలుగులో చదివి చెప్పమనండి. ముక్క ఎక్కడికి పోతుంది, పేరు బయటపడుతుందా, తరువాత వద్దనుకుంటే వెనక్కి తీసుకోవచ్చునా అని మూడూ అడగండి. వద్దన్నంత మాత్రాన పిల్లవాడి వైద్యం ఆగదు.